అద్దంలో చూసిన కొమ్మ

మా షాపులో కుర్చీలు రెండు. కిటికీ పక్కనున్నది మొదటిది. గోడ వైపు, చేతులు కడిగే తొట్టి పక్కనున్నది రెండోది. రెండిటికీ ఎదురుగా ఒకటే పొడవాటి అద్దం, అద్దం కింద బల్ల. ముప్పై ఏళ్ళుగా మొదటి కుర్చీ వెనకాల నిలబడి జుట్టు కత్తిరిస్తున్నాను. నేను పెద్దగా మాట్లాడను. ఈ పనిలో ఉన్నవాడు మాట్లాడకపోతే జనానికి వింత. అందుకే వీధిలో నాకు మౌనస్వామి అని పేరు పెట్టారు. తలనొప్పితో ఉన్నవాళ్ళూ, ఇంట్లో గొడవపడి వచ్చినవాళ్ళూ నా దగ్గరికే వస్తారు.

రెండో కుర్చీ మా అమ్మాయిది. పని నేర్చుకుని రెండేళ్ళయింది. చెయ్యి మంచిది, నాకంటే తేలిక. అయినా ఆ కుర్చీలో కూర్చునేది చిన్నపిల్లలే. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క పలక వేసి దాని మీద కూర్చోబెడతాం. పెద్దవాళ్ళు మాత్రం మొదటి కుర్చీ ఖాళీ లేకపోతే బెంచీ మీద కూర్చుని చదివిన పేపరే మళ్ళీ చదువుతారు. "పర్లేదమ్మా, నాకేం తొందర లేదు" అంటారు. ఆ మాట అది రోజుకు పదిసార్లు వింటుంది. విన్న ప్రతిసారీ దువ్వెనలు కడుగుతుంది. మా షాపులో దువ్వెనలంత శుభ్రంగా ఊళ్ళో గిన్నెలు కూడా ఉండవు.

అందులో నా తప్పు కూడా కొంత ఉంది. నాకు పని నేర్పింది మా మేనమామ. మొదటిరోజే చెప్పాడు. "ఒరేయ్, కూర్చున్నవాడికీ అద్దానికీ మధ్య నిలబడకు. వాడొచ్చింది వాడి మొహం చూసుకోడానికి, నీ వీపు చూడ్డానికి కాదు." నేను ఆ గీత ఏనాడూ దాటలేదు. మా అమ్మాయి మాత్రం సగం పని కాగానే ముందుకొచ్చి, వంగి, ఎదుటి మనిషి మొహంలోకి నేరుగా చూస్తుంది. తల అటు వాల్చి, ఇటు వాల్చి చూస్తుంది. ఒకటి రెండుసార్లు పదిమందిలోనే కసురుకున్నాను.

"అద్దం ఉన్నదెందుకే?"

"అద్దంలో ఉన్న మనిషి ఇంటికెళ్ళడు నాన్నా, ఇక్కడే ఉండిపోతాడు. వెళ్ళేవాడు వేరే" అంది.

నాకు అర్థం కాలేదు. అర్థం కాని మాటకు నేను జవాబు చెప్పను.

అలా ఉండగా బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన పెద్ద పార్లరు వాళ్ళు దానికి కబురు పెట్టారు. ఎనిమిది కుర్చీలు, ఏసీ, అందరికీ ఒకే రంగు చొక్కాలు. నెలాఖరు బుధవారంలోగా వస్తావో రావో చెప్పమన్నారు. అమ్మాయి ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పింది.

"ఏమండీ, నోరు తెరవండి. కనీసం ముద్ద పెట్టుకోడానికైనా" అంది మా ఆవిడ.

"నాన్న మొదటి కుర్చీ ఇస్తే నేనెక్కడికీ పోను" అంది అమ్మాయి, పళ్ళెంలోకి చూస్తూ.

"చూద్దాం" అన్నాను.

మా ఇంట్లో చూద్దాం అంటే కాదని అర్థం. అది వాళ్ళిద్దరికీ తెలుసు.

మర్నాడు అమ్మాయి వంతెన అవతలున్న నర్సరీకి వెళ్ళి ఒక బోన్సాయ్ చెట్టు కొనుక్కొచ్చింది. ఎల్మ్ అట. పేరు వినడం అదే మొదలు. జానెడు మీద నాలుగు వేళ్ళ ఎత్తు. వయసు మాత్రం పన్నెండేళ్ళు. లోతులేని మట్టి పళ్ళెంలో, మంచినీళ్ళు అడగడానికి కూడా మొహమాటపడే చుట్టంలా నిలబడి ఉంది. ఆకులు చిటికెన వేలి గోరంత, అంచుల నిండా రంపం పళ్ళు. బెరడు అక్కడక్కడ పెచ్చులూడి, లోపల ఇటుకరంగు కనిపిస్తోంది. చెట్లు నాకు తెలియనివి కావు. పల్లెలో పుట్టి, ఏడో తరగతి దాకా చెట్టు కిందే చదువుకున్నవాణ్ణి. కానీ చెట్టును పైనుంచి కిందికి చూడటం కొత్త.

"మూడు వారాలు ముట్టుకోవద్దన్నాడు నాన్నా నర్సరీ ఆయన. చోటు అలవాటు కావాలట. తరవాత ఆకులన్నీ దూసేసి, లోపలి ఎముకలు చూసి కొయ్యమన్నాడు" అని ఒక పొట్టి కత్తెర చూపించింది. దాని నోరు గుండ్రంగా, కొరికేలా ఉంది. చెట్టును అద్దం కింద బల్ల మీద, రెండు కుర్చీల మధ్య పెట్టింది.

ఆ చెట్టులో ఒక తగాదా ఉంది. మట్టి నుంచి నాలుగు వేళ్ళ ఎత్తున, సరిగ్గా ఒకే చోట, రెండు కొమ్మలు చెరోవైపు బయల్దేరాయి. రెండూ పెన్సిలంత లావు. చేలో దిష్టిబొమ్మ చేతులు చాపినట్టు. అలా ఉంటే చూపు ఆ రెండు చేతుల దగ్గరే ఆగిపోతుంది, పైకి పోదు. ఒకటి పోవాలి. అందులో మాకిద్దరికీ పేచీ లేదు. ఏది పోవాలన్నదే పేచీ.

నేను నా చోట నిలబడి, వచ్చినవాళ్ళ తలల మధ్య అద్దంలోకి చూస్తూ చెట్టును లెక్కగట్టాను. దాని గుబురు కిటికీ వైపు వాలి ఉంది. తల ఎటు వాలితే అటు బరువు తగ్గించాలి. పాపిడి తీసేవాడెవడికైనా తెలిసిన సంగతే. కాబట్టి కిటికీ వైపు కొమ్మ తీసేసి, గోడ వైపుది ఉంచాలి. నాలుగైదు రోజులకే తేల్చేశాను.

అమ్మాయి చెట్టును బల్ల మీంచి దించి, స్టూలు మీద పెట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని, కళ్ళు మట్టికి సమానంగా పెట్టి చూసేది. అలా చూడబట్టి వారం తరవాత చెప్పింది.

"గోడ వైపుది తీసేద్దాం నాన్నా. కిటికీ వైపుది ఉండాలి."

"వాలిపోతుంది."

"వాలింది ఆకులే. వెలుతురు అటుంది కదా. నువ్వు జుట్టు చూస్తున్నావు, నేను తల చూస్తున్నా."

ఈ పేచీ బెంచీ మీదకి కూడా పాకింది. పక్క షాపు దర్జీ వరసకు నాకేమీ కాడు, అయినా బావా అంటాడు. రోజుకు నాలుగుసార్లు టేపు మెడలో వేసుకుని వచ్చిపోతాడు. "ఎందుకు బావా ఈ గొడవ, ఒకదానికి ఫుల్ హాండ్, ఒకదానికి హాఫ్ హాండ్ పెడితే పోలా?" అన్నాడు. లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి, ఏదీ కొయ్యొద్దన్నారు. ఆయన ఇంట్లో ముప్పై ఏళ్ళనాటి గొడుగులు కూడా పారెయ్యరు. లారీ డ్రైవరు నా కత్తెర కిందే తల తిప్పి చూశాడు.

"స్వామీ, చెట్టుని అద్దంలో చూసి తేల్చావా?"

"ఊఁ."

"అద్దం వెనక్కి పోడానికి. ముందుకు పోవాలంటే ముందుకే చూడాలి. లేకపోతే గోడకి గుద్దుతావు."

"తల కదపకు" అన్నాను.

పందెం పెట్టింది దర్జీ. "వచ్చే మంగళవారానికి మూడు వారాలూ నిండుతాయి, మీకు సెలవేగా? పదింటికి అందరం కూర్చుందాం. ఇద్దరూ చెరో ముక్కా చెప్పండి, మేం తేలుస్తాం. ఎవరి మాట మీద చెట్టు కత్తిరిస్తే మొదటి కుర్చీ వాళ్ళది. ఏమ్మా కోడలా?"

అమ్మాయి నా వైపు చూసింది. ఆ మంగళవారం మర్నాడే నెలాఖరు బుధవారం. పార్లరు వాళ్ళకు జవాబు చెప్పాల్సిన రోజు. దాని చేతిలో దువ్వెన ఉంది, అప్పటికే కడిగిందే.

"సరే" అన్నాను.

ఆ సరే అన్న క్షణం నుంచి నాకు బెంగ పట్టుకుంది. కుర్చీ పోతుందని కాదు. మాటల్లో ఓడిపోతానని. నేను మాటల్లో ఎవరి మీదా గెలవలేదు. మా ఆవిడ మీద అసలు ప్రయత్నించలేదు. నాకు చేతనైంది కత్తెరొకటే. పదింటికి అందరూ కూర్చునేసరికి పనైపోయి ఉంటే ఇక వాదించేదేముంది? కోసిన కొమ్మ అతకదు కదా.

మంగళవారం ఆరింటికే, వీధిలో పాలవాడు కూడా రాకముందే, నా షాపు తలుపు నేనే దొంగలా తీశాను. చెట్టును వెనక గదిలోకి తీసుకెళ్ళి, తువ్వాళ్ళు మడతపెట్టే బల్ల మీద, ముఖం నా వైపు పెట్టాను. అద్దంలో ఇన్నాళ్ళూ నేను చూసిన వైపే ముఖం అనుకున్నాను. అది మాత్రం తప్పుకాదు. దీపం వేసి ఆకులు ఒక్కొక్కటీ దూశాను. దువ్వెనలో చిక్కిన జుట్టు తీసినట్టు, గంటసేపు. ఆకులు పోయాక చెట్టు కొత్తగా గుండు చేయించుకున్న మనిషిలా బిత్తరపోయి నిలబడింది. వాలడం గీలడం ఏమీ లేదు. నిటారుగా ఉంది. అప్పుడైనా అనుమానం రావాలి నాకు. రాలేదు. రెండు కొమ్మలూ ఇప్పుడు అచ్చు ఒకేలా ఉన్నాయి, కవలపిల్లల్లా.

కిటికీ వైపుది అంటే అద్దంలో ఎడమ పక్కది. చెయ్యి దానంతటదే ఎడమకు పోయింది. ఆ పొట్టి కత్తెర నోట్లో కొమ్మ పెట్టి ఒక్క నొక్కు నొక్కాను. పటుక్కుమంది.

కోసిన చోట మందు రాసి, చెట్టును తీసుకెళ్ళి దాని చోట, ముఖం అద్దానికేసి ఉండేట్టు పెట్టాను. నా చోటికి వెళ్ళి నిలబడి, తల ఎత్తి అద్దంలోకి చూశాను.

గోడ వైపు కొమ్మ లేదు. కిటికీ వైపుది దర్జాగా ఉంది.

కళ్ళు నులుముకున్నాను. పళ్ళెం కొంచెం తిప్పి చూశాను, ఎక్కడైనా దాక్కుందేమోనని. కొమ్మ దాక్కుంటుందా? వెనక గదిలోకి వెళ్ళి నేల మీద పడిన ముక్కను చేతిలోకి తీసుకుని, మళ్ళీ వచ్చి నిలబడ్డాను. అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్ళుగా నేను తల వెనకాల నిలబడ్డవాణ్ణి. అద్దంలో ఎడమకు ఉన్నది నా ఎడమ చేతి వైపే ఉంటుంది. చేతికి ఆ ఒక్క దారే తెలుసు. ఈరోజు చెట్టును ఎదురుగా, ముఖాముఖి పెట్టుకున్నాను. ఎదురుగా నిలబడ్డవాడి కుడి చెయ్యి మనకు ఎడమకు వస్తుంది. బడిలో డ్రిల్లు చేసిన ప్రతి పిల్లకూ తెలుసు. నాకూ తెలుసు. నా చేతికే తెలియదు.

ఏం చెయ్యాలో తోచక చెట్టును కిటికీలో, ముఖం వీధి వైపు తిప్పి పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకోకుండానే బయటికి వెళ్ళి నిలబడ్డాను. గాజు అవతల చెట్టు నా వైపే చూస్తోంది. అప్పుడే దాని మొదలు చూశాను. ఇన్నాళ్ళూ అద్దంలో దాని మొదలు నాకు కనబడలేదు. పౌడరు డబ్బాలు అడ్డం. వెనక గదిలో నా కళ్ళు ఆకులూ కొమ్మలూ దాటి కిందికి పోలేదు. మొదట్లో ఒక వేరు, చిటికెన వేలంత, మట్టి మీదికి తేలి ఒక పక్కకు కాలు చాపినట్టు పోయింది. ఆ కాలికి సరిగ్గా పైన, మిగిలిన కొమ్మ. అడుగు ముందుకేసి, ఆ చేత్తోనే ఏదో అందుకోబోతున్న మనిషిలా ఉంది చెట్టు. నేను ఉంచుదామనుకున్న కొమ్మ ఉంటే, ఒకవైపు కాలు చాపి మరోవైపుకు పారిపోతున్నట్టుండేది.

అద్దంలో ఉన్న మనిషి ఇంటికెళ్ళడు. ఆ మాట అప్పుడు, వీధి మధ్యలో, అర్థమైంది.

"ఏం బావా, నీ షాపు నువ్వే కొత్తగా చూస్తున్నావా?" దర్జీ తాళాలు తిప్పుకుంటూ వచ్చాడు. నా చేతిలో కొమ్మ చూశాడు. కిటికీలో చెట్టు చూశాడు. "ఓరి దొంగా! అప్పుడే కోసేశావా!" ఇంకా దగ్గరికెళ్ళి చూశాడు. "అమ్మాయి చెప్పినట్టే కోశావే!"

నేనేమీ అనలేదు. ముప్పై ఏళ్ళుగా నా మౌనం ఎవరికీ పనికిరాలేదు. ఆ పొద్దున మొదటిసారి నాకు పనికొచ్చింది.

పదింటికి అమ్మాయీ, మా ఆవిడా వచ్చారు. మాస్టారికి బడి, డ్రైవరుకి లోడు. అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. సంచీ కింద పెట్టి, కిటికీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మట్టికి సమానంగా పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. లేచి నా దగ్గరికొచ్చింది. దాని మొహం అంతలా వెలగడం నేను చూసి ఎన్నాళ్ళయిందో.

"నా మాట విన్నావా నాన్నా!"

"ఆయనా? వినడమా?" అంది మా ఆవిడ. "ఎవరికైనా చూపించండి ఈయన్ని."

"ఇప్పుడే పార్లరు వాళ్ళకి చెప్పేస్తా, రానని" అని అమ్మాయి ఫోను తీసింది.

ఇంకో పది సెకన్లు ఊరుకుంటే పెద్దమనిషినైపోతాను. కూతురి మాట విన్న తండ్రినని వీధంతా చెప్పుకుంటారు. నోరు మూసుకోవడమేగా, నాకు అలవాటైన పనే.

"ఆగు" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. నేను ఒకేసారి అంత మాట్లాడటం వాళ్ళు ఎన్నడూ వినలేదు. "నీ మాట వినలేదు. నువ్వు రాకముందే నా మాట ప్రకారం కోసేద్దామని ఆరింటికి దొంగలా వచ్చా. అద్దంలో ఎడమ అనుకుని, ఎదురుగా పెట్టి ఎడమే కోశా. తప్పు కోత. తప్పు కోస్తే నీ చెట్టయింది."

ముందు దర్జీ నవ్వాడు. మెడలో టేపు జారి కింద పడేదాకా నవ్వాడు. తరవాత మా ఆవిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ముప్పై ఏళ్ళకి ఒక్కసారి దొంగతనానికెళ్ళి, మన సొమ్మే మనకి తెచ్చిపెట్టారండీ!"

అమ్మాయి నవ్వలేదు. ఫోను జేబులో పెట్టుకుంది. "అయితే పందెం చెల్లదు నాన్నా. పొరపాటున వచ్చిన కుర్చీ నాకొద్దు."

నా కూతురే. సందేహం లేదు.

ఇక మాటలతో నావల్ల కాదు. వెళ్ళి మొదటి కుర్చీలో కూర్చున్నాను. అది కిర్రుమంది. దాని వెనకాల నిలబడ్డమే గానీ అందులో నేనెన్నడూ కూర్చోలేదు. ఇన్నేళ్ళూ నా జుట్టు నేనే, వెనకొక చేతిఅద్దం పట్టుకుని కత్తిరించుకుంటున్నాను.

"కత్తిరించు" అన్నాను. "నీ పద్ధతిలో. ముందుకొచ్చి చూడు."

"బుద్ధిగా అడిగితే చేస్తాలే" అంది. కానీ గుడ్డ దులిపి నా మెడకు కట్టింది.

"వెనకాల ఎలుకలు కొరికినట్టుంటుందని నేను పెళ్ళైన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నా" అంది మా ఆవిడ బెంచీ మీంచి. "అది కూడా సరిచెయ్యవే."

దువ్వెన మెడ మీద పడింది. అమ్మాయి చెయ్యి తేలికని తెలుసు. ఇంత తేలికని తెలియదు. సగం కాగానే అది ముందుకొచ్చి, నాకూ అద్దానికీ మధ్య నిలబడింది. అద్దం పోయింది. మా అమ్మాయి రెండు కళ్ళు మాత్రమే ఉన్నాయి, నా మొహంలోకి నేరుగా చూస్తూ. దారం ఎక్కించే మనిషి సూది బెజ్జం చూసినట్టు.

"నాన్నా, నీ కుడి చెవి కొంచెం కిందికుంది. నువ్వు చెవులు కొలతగా పెట్టుకుని కత్తిరించుకుంటున్నావు. అందుకే ముప్పై ఏళ్ళుగా నీ మొహం ఒక పక్కకి ఒరిగినట్టుంటుంది."

"నిజమే!" అన్నాడు దర్జీ. "నేను ఈయన మనస్తత్వమే అంత అనుకున్నా."

అప్పుడు నవ్వింది అమ్మాయి. కత్తెర పక్కన పెట్టాల్సి వచ్చింది. నవ్వే చేత్తో కొయ్యకూడదు. అది మా మేనమామ చెప్పిన ఇంకో మాట, అది మాత్రం ఇద్దరం పాటిస్తాం.

పని అయ్యాక గుడ్డ విప్పి దులిపింది. నేను లేచి, బల్ల మీద నా రేకు డబ్బా తీసుకున్నాను. అందులో నా కత్తెరలు, మా మేనమామ ఇచ్చిన కొమ్ము దువ్వెన ఉంటాయి. డబ్బాను తీసుకెళ్ళి తొట్టి పక్కన, రెండో కుర్చీ ముందు పెట్టాను. అమ్మాయి దువ్వెనల గ్లాసు తెచ్చి కిటికీ పక్కన పెట్టాను. ఇది పందెం కాదని చెబుదామనుకున్నాను. చెప్పక్కర్లేకపోయింది. అమ్మాయి ఫోను తీసి, బయటికి వెళ్ళి, కిటికీలో చెట్టును చూస్తూ మాట్లాడి వచ్చింది.

మర్నాడు పొద్దున లారీ డ్రైవరు వచ్చాడు. అలవాటు ప్రకారం చూడకుండానే మొదటి కుర్చీలో కూలబడి, కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మా అమ్మాయి అతని మొహంలోకి చూస్తోంది.

"ఇదేంటి! మౌనస్వామి ఏడి?"

"రెండో కుర్చీకి బదిలీ అయ్యాడు" అంది. "తల కదపకండి."

వెళ్ళేటప్పుడు అతను గడప దగ్గర ఆగి, గడ్డం నిమురుకుని, "మా ఆవిడ గుర్తుపడుతుందంటావా?" అని అడిగాడు. "పట్టకపోతే లారీ చూపించండి" అంది అమ్మాయి. తరవాత లెక్కల మాస్టారు వచ్చారు. మొదటి కుర్చీలో ఇంకొకరున్నారు, నా రెండో కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన నన్ను చూశారు, మా అమ్మాయిని చూశారు, బెంచీ మీద కూర్చుని పేపరు తీశారు.

"రండి మాస్టారూ" అన్నాను.

"పర్లేదయ్యా, నాకేం తొందర లేదు" అన్నారు.

నేను లేచి దువ్వెనలు కడిగాను. ఎల్మ్ మట్టిలో వేలు పెట్టి చూశాను, తడిగానే ఉంది. ఎడమకు చాపిన ఒంటి చేతి మీద, మూడు చోట్ల, ఆవగింజంత చిగుళ్ళు పొటమరించాయి. నిన్న దూసిన చెట్టుకు ఇవాళ చిగుళ్ళేమిటని ఇంకోసారి చూశాను. నిజమే. నేను ఆకులు దూయకముందు నుంచే అవి అక్కడున్నాయేమో.

మధ్యాహ్నానికి నాకు బేరం తగిలింది. ఐదేళ్ళ పాప. చేతుల మీద పలక అడ్డం వేసి కూర్చోబెట్టాను. కాళ్ళు ఊపుతూ కిటికీ వైపు చూసింది.

"తాతా, ఆ చెట్టుకి ఇంకో చెయ్యేది?"

"కోసేశా."

"ఎందుకు?"

అబద్ధం చెప్పడం నా వల్ల కాదు. "పొరపాటున" అన్నాను.

పాప రెండు చేతులతో రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.

మొదటి కుర్చీ దగ్గర మా అమ్మాయి కత్తెర పక్కన పెట్టింది.